బోణీ కాయితం
తొమ్మిదో భాగం

పోయిన వారం యాదలక్ష్మిని మనం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల మీద వదిలిపెట్టాం. ఒక చేతిలో పదకొండు బొమ్మలున్న అట్టల సంచి, ఇంకో చేతిలో ఫోను. ఫోనులో చక్రపాణి. అతను అరవలేదు, తిట్టలేదు. "మీ నాయిన దగ్గరికి ఆ బొమ్మలు ఎట్లొచ్చినయో చెప్పండి మేడమ్. చెప్పలేకపోతే ఎత్తుకపోయిండని అనుకోవాల్సి వస్తది కదా," అని మాత్రం అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది యాదలక్ష్మికి. తిట్టుకు తిట్టు ఉంటుంది.

మధ్యలో వచ్చి చేరినవారి కోసం నాలుగు మాటలు. మూసారాంబాగ్‌లో ఒకప్పుడు రాతి అచ్చు ప్రెస్సు ఉండేది. యజమాని చక్రపాణి తండ్రి. అందులో మిషన్ మనిషి యాదలక్ష్మి తండ్రి మట్టయ్య, నల్లగొండ దిక్కు నుంచి బతకవచ్చినవాడు. నలభై ఆరేళ్ల కిందట సంధ్యారాణి అనే చిత్రకారిణి ఒక పాత ప్రబంధానికి పన్నెండు బొమ్మలు గీసి అక్కడ అచ్చు వేయించింది. ముప్పై సెట్లే. ప్రతి బొమ్మ కింద పెన్సిల్‌తో ఆమె సంతకం, పక్కనే అది ముప్పైలో ఎన్నవదో తెలిపే అంకె. మట్టయ్య పోయిన తొమ్మిదేళ్లకు అతని ట్రంకుపెట్టెలో బయటపడ్డ పదకొండు బొమ్మల మీద సంతకం ఉంది. అంకె లేదు.

వాటి విలువ కట్టడానికి పూనుకున్నాయన సాంబమూర్తి. డ్రాయింగు మాస్టారుగా రిటైరై దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాడు. ఇలాంటి అచ్చుబొమ్మలు సేకరించడం, ఎవరైనా తెస్తే అసలో నకలో తేల్చి చెప్పడం ఆయనకు పని, వ్యసనం, కాలక్షేపం అన్నీను. వచ్చే నెల ఒక గ్రంథాలయంవారు ఈ బొమ్మలతో ప్రదర్శన పెడుతున్నారు. ఒక్కో బొమ్మ కింద 'అచ్చు: మట్టయ్య' అని రాయిస్తానని ఆయన మాటిచ్చాడు. యాదలక్ష్మి ఆశపడింది ఆ రెండు మాటలకే. ఇప్పుడు ఆ చోట 'దొంగ' అన్న మాట వచ్చి కూర్చునేలా ఉంది.

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు చక్రపాణి, సాంబమూర్తి ఇద్దరూ ఆమె ఇంటికి వచ్చారు.

ఎల్.బి.నగర్ చౌరస్తా దాటాక లోపలి కాలనీలో రెండు గదుల ఇల్లు అది. ముందు గదిలో కుట్టుమిషను, బ్లౌజు ముక్కల మూటలు, ఒక నులకమంచం. మంచం మీద యాదలక్ష్మి తల్లి అరుణమ్మ కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. మనుషులు వచ్చినా తలెత్తలేదు. ప్రెస్సు మాట వస్తే ఆ మనిషి అంతే. పెళ్లయిన కొత్తలో మొగుడు ప్రెస్సులో చేరాడన్న ముక్క తప్ప ఆ సంగతులేవీ ఆమె నోటి వెంట కూతురు ఏనాడూ వినలేదు. ఎవరైనా ఎత్తితే లేచి వంటింట్లోకి పోయేది. ఇవాళ ఎందుకో లేవలేదు.

"కూసోండ్రి సారూ. కుర్చీ జర ఊగుతది, గోడకు ఆనించుకోండ్రి," అంది యాదలక్ష్మి.

చక్రపాణికి యాభై ఆరుంటాయి. తెల్లచొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. "మూడు గల్లీలు తిరిగిన మీ ఇల్లు దొరకబట్టనీకి. అందరూ టైలరక్కనా అంటున్నరు, నెంబరు మాత్రం ఎవ్వరికీ తెల్వదు," అంటూ కూర్చున్నాడు.

"నెంబరుతోని ఎవరొస్తరు సారూ? బ్లౌజులోళ్లందరు బ్లౌజు పట్టుకొనే ఒస్తరు."

అతను నవ్వాడు. నవ్వితే మంచివాడిలాగే ఉన్నాడే అనుకుంది యాదలక్ష్మి. అది ఆమెకు ఇంకా ఇబ్బందిగా ఉంది.

టీ వచ్చింది. సాంబమూర్తి తన గ్లాసు పక్కన పెట్టి, "చక్కెర వేశారామ్మా?" అని అడిగాడు.

"మీకు ఎయ్యలే సారూ. పోయినసారి చెప్పిండ్రు గద."

"గుర్తుందే! మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా చెబుతున్నా గుర్తుండదు," అని ఆయన సంతోషంగా టీ తాగి, చేతులు రుమాలుకు తుడుచుకుని, ఉతికిన దుప్పటి పరిపించి, దాని మీద పదకొండు బొమ్మలూ వరుసగా పెట్టించాడు.

ఆ బొమ్మలు చూసి మొదట్లో యాదలక్ష్మి నవ్వుకున్న మాట నిజమే. మనుషులకు కళ్లుండవు. హంస అంటే కాగితం మడిచి పడేసినట్టు మూడు కోణాలు. చంద్రుడు అరిసెను విరిచినట్టు సగం ఒకచోట, సగం ఇంకోచోట. గద్యం, పద్యం, నాయిక విరహం అని సాంబమూర్తి ఎంత చెప్పినా ఆమెకు మొదట ఎక్కలేదు. చూడగా చూడగా మాత్రం, నాయిక మెడ వంచిన తీరులో తన పెద్దాడబిడ్డ పుట్టింటికి వచ్చి గడపలో నిలబడ్డ రోజు కనిపించింది. కళ్లు గీయకుండా ఏడుపు ఎలా గీసిందో ఆ తల్లి, అనుకుంది.

సాంబమూర్తి భూతద్దం తీసి చక్రపాణికి అందించాడు. "ఇక్కడ చూడండి. ఇప్పటి మిషన్ల మీద వేసిన నకలైతే సన్న చుక్కలు బారులు తీరి కనిపిస్తాయి. ఉన్నాయా?"

"లెవ్వు."

"ఇది రాయి గరుకు. రాతి మీద మైనపు కడ్డీతో గీస్తారు. నీళ్లు పూస్తే జిడ్డు లేనిచోట తడి నిలుస్తుంది. తడి ఉన్నచోట సిరా అంటదు, గీత ఉన్నచోట అంటుకుంటుంది. అలా ఒక్కో కాగితమూ చేత్తో లాగాల్సిందే. ఈ కాగితమూ ఆనాటిదే, అంచులు కోయలేదు. సంతకం సంధ్యారాణిగారిదే, నా దగ్గర ఆవిడ ఉత్తరాలున్నాయి, పోల్చి చూసుకున్నాను. ఇవి అసలువేనని ఎక్కడైనా రాసిస్తాను."

చక్రపాణి భూతద్దం తిరిగి ఇచ్చాడు. "అసలువి కావని నేనెప్పుడన్న మాస్టారూ? అసలువి గనకనే అడుగుతున్న." ఫైలులోంచి ఒక అచ్చు కాగితం తీశాడు. ఆ సెట్లతో పాటు అట్టపెట్టెలో పెట్టి అమ్మిన కాగితం. గట్టిగా చదివాడు. "ముప్పై సెట్లు మాత్రమే అచ్చు వేయబడినవి. పిదప రాళ్లు చెరిపివేయబడినవి." కాగితం దించాడు. "ఇది సంధ్యారాణిగారి మాట, మా నాయిన మాట. ముప్పయికి ముప్పై ఎవరికి పోయినయో మాకు ఎరుకే. మరి ఈ ముప్పై ఒకటోది ఏంది? సంతకం చేసి ఆరబెట్టిన కాయితాలు, అంకె వెయ్యకముందు ఎవరో తీసిండ్రు. నేనైతే అట్లనే అనుకుంట. మీరు చెప్పండి, ఇంకెట్ల అనుకోవాలె?"

యాదలక్ష్మి ముఖం వేడెక్కింది. "మా నాయిన ఒకరి చెట్టు కింద రాలిన మామిడికాయ తీసుకోలే సారూ."

"అందరి నాయినలు అంతే మేడమ్. నేను కొట్లాటకు రాలే. పేరు రాసేటప్పుడు మా ప్రెస్సు పేరు కూడా ఉంటది గద, నిజం తెల్వాలె."

"నేను మొన్న మూసారాంబాగ్ వెళ్లొచ్చాను," అన్నాడు సాంబమూర్తి.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. చిక్కుడుకాయ విరిగిన చప్పుడు ఒకటి వినిపించింది, తర్వాతిది వినిపించలేదు.

"మీ ప్రెస్సులో అక్షరాలు కూర్చిన జంగయ్యగారు వంతెన దగ్గర కొడుకింట్లో ఉన్నారు. ఎనభై నాలుగేళ్లు. చెవి పోయింది గానీ జ్ఞాపకం పోలేదు. అంకె లేని కాగితం సంగతేమిటని పలక మీద రాసి అడిగాను. ఆయన నవ్వి, బోణీ కాయితమా అన్నారు."

చక్రపాణి కుర్చీ గోడను వదిలి ముందుకు ఊగింది.

"కొత్త రాయి మిషనెక్కిన రోజు, మొదట లాగినవి పది పదిహేను చెత్తబుట్టకు పోతాయట. సిరా ఎక్కువో తక్కువో అవుతుంది కదా. చిత్రకారిణి చూసి 'ఇదీ, ఇలా రావాలి' అన్న మొదటి కాగితం ఉంటుంది చూశారూ, దానికి అంకె వెయ్యరు. దాన్ని లాగిన మనిషి తడిపసుపులో కుడిచేతి బొటనవేలు ముంచి కుడివైపు కింది మూలన ముద్ర వేసి, దేవుడి పటం ముందు పెట్టేవాడట. సాయంత్రం దాకా ఉంచి, ఆ కాగితం ఆ లాగిన మనిషికే ఇచ్చేసేవారట. అమ్మకానికి పెట్టకూడదు, లెక్కలోకి రాదు. అదీ మీ ప్రెస్సు ఆచారం."

చక్రపాణి నిజాయితీగా, "పసుపు సంగతి మా నాయిన చెప్పేటోడు," అన్నాడు. "నేను హాస్టల్‌ల ఉండి చదువుకున్న, కండ్లతో చూడలే. గానీ చెప్పేటోడు. రాయికి పసుపు, కాయితానికి పసుపు అని." అతను వంగి బొమ్మల కింది మూలలు ఒక్కొక్కటే చూడసాగాడు. "పసుపు ముద్ర ఉంటే నేనింక ఒక్క మాట మాట్లాడ. చెయ్యెత్తి మొక్కి పోత. ఎక్కడుందండి?"

పదకొండు బొమ్మల మూలల్లోనూ తెల్ల కాగితమే ఉంది.

యాదలక్ష్మి కుట్టుమిషను పట్టుకుని నిలబడింది. ఆ పసుపు ఆమెకు తెలుసు.

పెట్టె తెరిచినప్పుడు ప్రతి బొమ్మకూ కుడివైపు మూలన పచ్చగా ఒక మరక ఉండింది. శుక్రవారాలు అమ్మ పసుపు చేత్తో పెట్టె సర్దేటప్పుడు అంటుకుందేమో అనుకుంది. సాంబమూర్తిలాంటి పెద్దసారు దగ్గరికి మరక కాగితాలు తీసుకుపోతే ఏమనుకుంటాడు? నీళ్లు పెడితే కాగితం పాడవుతుంది. పాతికేళ్లు బట్టల పని చేసిన మనిషికి పసుపు మరకకు మందు చెప్పాలా? సబ్బుకు పోని పసుపు ఎండకు పోతుంది. డాబా మీద తెల్లగుడ్డ పరిచి, బొమ్మలు బారుగా పెట్టి, గాలికి లేవకుండా పైన పాత కిటికీ అద్దాలు ఉంచి, రెండు రోజులు కాపలా కూర్చుంది. పక్కింటి ఆమె చూసి, "వడియాలా అక్కా?" అని కూడా అడిగింది. రెండో రోజు సాయంత్రానికి మూలలు మల్లెపూవుల్లా అయ్యాయి. పని బాగా కుదిరిందని ఆ పూట సంతోషంగా అన్నం తిన్నది.

ఇప్పుడు ఆ ముక్కంతా చెప్పింది. దాచకుండా, తలవంచుకుని చెప్పింది.

సాంబమూర్తి కళ్లద్దాలు తీసి కళ్లు నులుముకున్నాడు. "నా దగ్గరికి తెచ్చినప్పుడు కాగితానికి ఎండ తగిలిందేమో అని అడిగాను కదమ్మా."

"జర గాలికి పెట్టిన అని చెప్పిన సారూ. ఎండ అంటే మీరు తిడతరని."

"ఇంత వయసొచ్చి మాస్టారికి భయపడ్డారా?"

"బడికి పోనోళ్లకే మాస్టార్లంటే భయం ఎక్కువుంటది."

చక్రపాణి పెదవి కొరుక్కున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడో, జాలిపడుతున్నాడో తెలియలేదు. "మేడమ్, ఏమనుకోవద్దు. కోర్టుల నిలబడి, సాక్ష్యం ఉండె గానీ ఉతికి ఆరేసిన అని చెప్తే ఎవలన్న నమ్ముతరా?"

"ఉతకలే. ఆరేసిన."

ఎవరూ నవ్వలేదు. యాదలక్ష్మి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తండ్రి మీద పడ్డ మాటను తుడిచే సాక్ష్యం దేవుడు పన్నెండు చోట్ల రాసి దాచిపెట్టాడు. తన చేతులతో తనే...

పన్నెండు.

"సారూ," అంది, "నేను ఎండబెట్టింది పదకొండే."

పన్నెండో బొమ్మ పెట్టెలో లేదు. అది పూజగూట్లో ఉంది. గడపలో తామరపువ్వు పట్టుకుని నిలబడ్డ స్త్రీ బొమ్మ. మట్టయ్య దాన్ని ఫ్రేము కట్టించి దేవుళ్ల మధ్య తగిలించాడు. లక్ష్మీదేవి అనుకుని యాదలక్ష్మి ఊహ తెలిసినప్పటి నుంచీ దండం పెట్టింది. అద్దం మీద ఏళ్ల తరబడి పెట్టిన కుంకుమ బొట్లున్నాయి. అది లక్ష్మి కాదనీ, భర్త కోసం ఎదురుచూస్తున్న ప్రబంధ నాయిక అనీ సాంబమూర్తి చెప్పింది మూడు వారాల కిందటే. విన్న రోజు యాదలక్ష్మికి ఒక సందేహం వచ్చింది. ఇన్నేళ్ల పూజ ఎవరికి చేరినట్టు? కాసేపు ఆలోచించి, చేరాల్సినవాళ్లకు చేర్చే బాధ్యత దేవుడిదే కదా అనుకుని మర్నాడు కూడా పువ్వు పెట్టింది.

"తీద్దామా?" అన్నాడు సాంబమూర్తి, గొంతు తగ్గించి.

"శుక్రవారం సారూ..." అని ఆగింది. శుక్రవారం పూట పూజలో ఉన్న పటాన్ని దించడం ఆ ఇంట్లో లేదు. ఆమె కాళ్లు కడుక్కుని వచ్చి, కర్పూరం వెలిగించి, "తల్లీ, నువ్వు ఎవరివైనా సరే, మా నాయిన మాట నీ దగ్గరుంది. తప్పయితే నా మీద ఎయ్యి," అని మనసులో చెప్పుకుని రెండు చేతులతో పటాన్ని దించింది. గోడ మీద దాని చోటు తెల్లగా, చదరంగా మిగిలింది.

ఫ్రేము వెనక మేకులు తుప్పుపట్టాయి. కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో సాంబమూర్తి ఒక్కొక్కటే పైకి లేపాడు. వెనక అట్ట ఊడింది. బొమ్మ చుట్టూ ఫ్రేము మనిషి పెట్టిన మందపు అట్ట అంచు ఒకటుంది. కాగితపు అంచులన్నీ దాని కింద దాగి ఉన్నాయి. ఆయన దాన్ని వేలిగోటితో మెల్లగా ఎత్తాడు.

కుడివైపు కింది మూలన పసుపు ముద్ర. ఇవాళ పొద్దున పెట్టినట్టు పచ్చగా ఉంది.

"అబ్బ!" అన్నాడు సాంబమూర్తి. ఆ ఒక్క మాటే. ఎన్నేళ్లుగానో బొమ్మలు చూస్తున్న మనిషి, చిన్నపిల్లాడిలా మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. తర్వాత భూతద్దం పెట్టాడు. "గీతలు గీతలుగా ఎంత స్పష్టంగా ఉందో చూడండి. ఇదిగో, నడిమధ్య ఏటవాలుగా పసుపు అంటని సన్నగీత. పాత కోత గుర్తు. ముద్ర వేసిన వేలికి ఎప్పుడో గట్టిగా తెగి ఉంటుంది. ముప్పై సెట్లకూ ఇదే కొలత కాగితం. దీన్ని చూసి మిగతావి లాగారు. నా లెక్కలో అంకె ఉన్న ఏ సెట్టుకన్నా ఇదే విలువైనది."

చక్రపాణి కూడా చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి యాదలక్ష్మి ఎదుట చేతులు జోడించాడు. "మాట అన్న. మాఫ్ చెయ్యండి. మీ నాయినకు మర్యాదగ ఇచ్చిందే ఇది."

యాదలక్ష్మికి కళ్లు నిండాయి. "కూసోండ్రి సారూ, గంత మాటెందుకు," అంటూ కొంగుతో తుడుచుకుంది.

"ఊకె మాటతోని కాదు. రాసుకుందాం. రేపు ఇంకొకలు అడగొద్దు." అతను అక్కడే ఉన్న కొలతల పుస్తకంలోంచి ఒక కాగితం చింపించుకుని, నిటారు అక్షరాలతో ఆమె మాటగా రాసి, చదివి వినిపించాడు. "ఈ బొమ్మ మీది పసుపు బొటనవేలి ముద్ర మా తండ్రి మట్టయ్యది. పన్నెండు రాళ్ల మీదా మొదటి కాగితం లాగినది ఆయనే. ప్రెస్సు ఆచారం ప్రకారం ఈ పన్నెండు బొమ్మలు ఆయనకు ఇవ్వబడినవి." పెన్ను తీశాడు. "కింద మీరు సంతకం పెట్టండి. పక్కన నేను పెడత. మాస్టారు సాక్షి. పొద్దుమూకకముందు గ్రంథాలయానికి పోటో కొట్టి పంపుదాం."

పెన్ను చేతికి వచ్చింది. యాదలక్ష్మి కాగితాన్ని మిషను పలక మీద పెట్టుకుని వంగింది. పక్కనే బొమ్మ. సంతకానికి ముందు తండ్రి వేలు ఒకసారి కళ్లారా చూసుకుందామని భూతద్దం అందుకుంది.

పసుపు గీతలు గుండ్రంగా, ఒకదాని చుట్టూ ఒకటి. నిండు బొటనవేలు. వేలి కొస నుంచి కణుపు దాకా.

ఆమె పెన్ను కదల్లేదు.

ఎదురుగా గోడ మీద ఒక ఫొటో ఉంది. తమ్ముడు మహేష్‌ను తొట్టెలలో వేసిన నాటి ఫొటో. తండ్రి పసివాణ్ణి ఎడమచేత్తో ఎత్తుకుని ఉంటాడు. కుడిచేతికి కట్టు. మిషను బొటనవేలిని మొదలంటా మింగిందని, మూడు నెలలు దవాఖానలో ఉన్నాడని, అప్పుడే మహేష్ పుట్టాడని ఇంటిల్లిపాదికీ తెలుసు. చిన్నప్పుడు యాదలక్ష్మి ఆ నాలుగు వేళ్ల చెయ్యి పట్టుకునే బజారు దాకా నడిచింది. మహేష్‌కు ఇప్పుడు నలభై ఎనిమిది. బొమ్మలు అచ్చయింది నలభై ఆరేళ్ల కిందట.

ఈ ముద్ర పడేనాటికి ఆ వేలు లేదు.

"ఏమ్మా, కళ్లద్దాలు కావాలా?" అన్నాడు సాంబమూర్తి.

"వద్దు సారూ. ఒక్క మాట. గా ముద్ర లాగిన మనిషే ఎయ్యాల్నా? పక్కన ఉన్నోళ్లు ఎవలన్న ఎయ్యొచ్చా?"

"లాగినవారిదే. వేరేవాళ్లు వేస్తే రాయికి దోషమని నమ్మేవారట. జంగయ్యగారు మరీ మరీ చెప్పారు."

ఫొటో సంగతి ఈ ఇద్దరికీ తెలియదు. చక్రపాణి హాస్టల్లో ఉన్నాడు. మాస్టారు మట్టయ్యను చూడనే లేదు. సంతకం పెడితే అయిపోతుంది. తండ్రి దొంగ కాడు, అది నిజమే కదా. నిజాన్ని నిలబెట్టడానికి పక్కన చిన్న అబద్ధం ఆనిస్తే తప్పా? ఊగే కుర్చీని గోడకు ఆనించినట్టు. దేవుడికి లోపలి సంగతి తెలుసు, పైన రాసిన కాగితం ఆయన చదువుతాడా?

కళ్లు పూజగూటి వైపు వెళ్లాయి. పటం ఉండాల్సిన చోట తెల్లటి చదరం. ఇన్నేళ్లూ ఆ చోట ఎవరున్నారో తెలియకుండానే దండం పెట్టింది, దానికి తప్పు లేదు. ఇప్పుడు తెలిసి రాస్తే? రేపు పొద్దున అక్కడ దీపం పెట్టి ఏమని దండం పెట్టాలి?

పెన్ను కాగితం మీద పెట్టేసింది.

"గీ వేలు మా నాయినది కాదు సారూ. అప్పటికే మా నాయినకు కుడి బొటనవేలు లేదు." ఫొటో చూపించి, లెక్క చెప్పింది. చెబుతుంటే తండ్రిని తనే బజారులో నిలబెట్టినట్టు అనిపించింది, అయినా చివరి దాకా చెప్పింది.

చక్రపాణి ముఖంలో మెత్తదనం మెల్లగా తగ్గింది. "అంటే లాగింది ఆయన కాదు."

"నాకు తెల్వదు."

"మరి ఎవలదో వేలు, ఎవలకో ఇచ్చిన కాయితాలు మీ నాయిన పెట్టెలకు ఎట్లొచ్చినయి? మల్ల మొదటికే వచ్చినం గద మేడమ్!"

"యాదీ."

మంచం మీంచి వచ్చిందా పిలుపు. చిక్కుడుకాయల చాట పక్కకు జరిగింది. అరుణమ్మ రెండు చేతులూ మంచం పట్టీకి ఆనించి లేచింది. ఎవరి వైపూ చూడకుండా పూజగూటి దగ్గరికి నడిచి, పసుపు గిన్నెలో రెండు చుక్కల నీళ్లు పోసి, కుడిచేతి బొటనవేలితో కలిపింది. వచ్చి, చక్రపాణి రాసిన కాగితం కింద, సంతకం కోసం వదిలిన చోట, వేలు ఆనించి ఒక్కసారి పక్కకు దొర్లించి ఎత్తింది. ఎన్నోసార్లు చేసిన పని చేసినట్టే చేసింది.

"సూడండ్రి సారూ," అంది సాంబమూర్తితో. "మీ అద్దం పెట్టి సూడండ్రి."

ఆయన చూశాడు. బొమ్మ మూలన ఒకసారి, కాగితం మీద ఒకసారి. మళ్లీ బొమ్మ దగ్గరికి. పసుపు మధ్యలో ఏటవాలుగా అదే సన్నటి తెల్లగీత. యాదలక్ష్మికి భూతద్దం అక్కర్లేదు. కొడవలి కోత. పెళ్లికి ముందు వరికోతల్లో తెగిందని చెప్పేది. ఆ వేలు తన నుదుట ఎన్ని వేల బొట్లు పెట్టిందో.

"అమ్మా! నువ్వా?"

"నేనే. వేలు పోయినంక ఆయన పక్కన నిలబడి చెప్పేటోడు, నేను గుంజేదాన్ని. మిషన్ మనిషి మట్టయ్యనే, జీతం మట్టయ్యకే. లోపల చెయ్యి నాది. సంధ్యారాణమ్మకు ఎరుకే. నీ చెయ్యి పడితెనే నా గీత బతుకుతది అరుణా అని, ఒక్కొక్క కాయితం నా చేతుల పెట్టింది." వేలికి మిగిలిన పసుపును ఆమె కొంగుకు తుడుచుకోలేదు, అలాగే పట్టుకుంది. "దొంగతనం కాదు బిడ్డా. మీ నాయిన దొంగ కాదు. గది నా చెమట."

సాంబమూర్తి భూతద్దం దించి, చాలా మర్యాదగా, "అయితే బొమ్మల కింద రాయాల్సిన పేరు వేరే ఉందమ్మా," అన్నాడు.

"నా పేరెందుకు సారూ?"

"ఎందుకంటే అది నిజం కనక."

చక్రపాణి కుర్చీలోంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. "పెద్దమ్మా, గిది మా నాయినకు తెలుసా?"

అరుణమ్మ మొదటిసారి అతని ముఖంలోకి నేరుగా చూసింది. అక్కడ ఎవరి పోలికలో వెతికినట్టు చూసింది.

"తెల్వకుండ ఎట్లుంటది? చేతగాని మొగోని పెండ్లానికి మిషన్ అప్పజెప్పింది ఆయననే. ఊకె అప్పజెప్పలే." ఆమె గోడ మీది ఫొటో వైపు, ఆ కట్టు కట్టిన చేతి వైపు తలతిప్పింది. "యాదీ, గా వేలు మిషన్ల పడి పోయిందని నీకు చెప్పినం. తమ్మునికి చెప్పినం. ఊరోళ్లకు చెప్పినం. చెప్పమన్నరు, చెప్పినం. మిషన్ల పోలేదు బిడ్డా."

పసుపు వేలితో ఫొటోలోని కట్టును చూపించింది.

"ఎట్ల పోయిందో ముగ్గురం చూసినం, మీ నాయిన, ఈ సారు వాళ్ల నాయిన, నేను. ఇద్దరు పోయిండ్రు. నేనున్న."

చక్రపాణి తను రాసిన కాగితం వైపు చెయ్యి చాచాడు. చదవడానికో, చింపడానికో తెలియదు. అంతకంటే ముందే యాదలక్ష్మి అరచెయ్యి దాని మీద పడింది. పసుపు ఇంకా తడిగానే ఉంది.